క్లోమాన్ని ఎంత కోయాలి, ఎంత మిగల్చాలి?

వేరే ఏదో బాధకు కడుపు స్కాన్ తీయిస్తే క్లోమంలో చిన్న కణితి బయటపడటం ఇప్పుడు అరుదైన విషయం కాదు. సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలు జిల్లా కేంద్రాల దాకా వచ్చాక, ఏ ఇబ్బందీ పెట్టని నీటితిత్తులు, సెంటీమీటరు సైజు గడ్డలు కూడా రిపోర్టులకు ఎక్కుతున్నాయి. ‘పాంక్రియాస్‌లో గడ్డ’ అన్న మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. క్లోమనాళపు కణాల్లో పుట్టే అడినోకార్సినోమా అత్యంత ప్రాణాంతకమైన క్యాన్సర్లలో ఒకటి. క్లోమ క్యాన్సర్లన్నీ కలిపి లెక్కించినా, అమెరికా గణాంకాల ప్రకారం ఐదేళ్లు బతికేవారు నూటికి 13 మందే.

కానీ క్లోమంలో కనిపించే ప్రతి కణితీ ఆ జాతిది కాదు. ఇన్సులిన్‌ను అదుపు లేకుండా కక్కే ఇన్సులినోమా, నెమ్మదిగా పెరిగే చిన్న న్యూరోఎండోక్రైన్ కణితులు, ఎక్కువగా యువతుల్లో వచ్చే సాలిడ్ సూడోపాపిల్లరీ కణితి, జిగురు ద్రవంతో నిండిన తిత్తులు, పలచని ద్రవంతో ఉండే సీరస్ తిత్తులు - వీటిలో కొన్ని పూర్తిగా నిరపాయకరం, కొన్ని క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నవి, మరికొన్ని క్యాన్సరే అయినా మందకొడివి. క్యాన్సర్ కోసం రూపొందించిన పెద్ద ఆపరేషన్‌నే వీటికీ చేయాలా, లేక కణితి మేరకే తీసి మిగతా అవయవాన్ని కాపాడవచ్చా అన్నది గత నలభై ఏళ్లుగా సర్జన్లు తేల్చుకోవడానికి ప్రయత్నిస్తున్న ప్రశ్న. అందుబాటులో ఉన్న ఆధారాలను జాగ్రత్తగా చదివితే నాకు తోచేది ఇది: అవయవాన్ని కాపాడటం వల్ల వచ్చే లాభం నిజమైనదే, కానీ దాన్ని రుజువు చేసే అధ్యయనాలు ఆ లాభం గురించి వినిపించే మాటలంత గట్టివి కావు. అంతకన్నా ముఖ్యంగా, అసలు కత్తి పెట్టనక్కరలేని కణితులకు కూడా ఆపరేషన్ చేసే ధోరణిని ఈ పద్ధతులు పెంచకుండా చూసుకోవాలి.

పొరుగు అవయవాలు ఎందుకు పోతాయి

క్లోమం సుమారు 80 నుంచి 100 గ్రాముల బరువుండే గ్రంథి. కడుపులో బాగా లోపల, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని తల ఆంత్రమూలం, అంటే డుయోడినం, ఒంపులో ఒదిగి ఉంటుంది. తోక ప్లీహం దాకా సాగుతుంది. కాలేయం నుంచి దిగే పిత్తనాళం తలలోంచే వెళ్తుంది. తలకూ ఆంత్రమూలానికీ రక్తం అందించే ధమనులు ఉమ్మడివి. ప్లీహానికి వెళ్లే ధమని, దాన్నుంచి వచ్చే సిర క్లోమం మొండెం వెంబడే నడుస్తాయి. క్లోమం మెడ వెనకే పోర్టల్ సిర ఉంటుంది.

కనుక తలలో కణితి వస్తే చేసే విపుల్ ఆపరేషన్‌లో క్లోమపు తలతో పాటు ఆంత్రమూలం, పిత్తాశయం, పిత్తనాళం కింది భాగం, కొన్నిసార్లు జీర్ణాశయంలో కొంత పోతాయి. తోక వైపు కణితి వస్తే మొండెం, తోకలతో పాటు ప్లీహం పోతుంది. ఆ అవయవాలకు ఏ రోగమూ ఉండదు. రక్తనాళాలను పంచుకున్నందుకు అవి కూడా పోతాయి.

1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్, 1935 నాటికి న్యూయార్క్‌లో అలెన్ విపుల్ ఈ మార్గాన్ని తెరిచినప్పుడు వాళ్ల ముందున్నది పిత్తనాళం ఆంత్రమూలంలో తెరుచుకునే చోట వచ్చే క్యాన్సర్. చుట్టూ ఉన్న లసిక గ్రంథులతో సహా వెడల్పుగా తీయాలన్నది క్యాన్సర్ విషయంలో సరైన తర్కం. 1978లో ట్రావెర్సో, లాంగ్‌మైర్ జీర్ణాశయపు కింది ద్వారాన్ని వదిలేసే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చారు. తక్కువ తీసినా సరిపోవచ్చన్న ఆలోచన తల ఆపరేషన్‌లో అలా స్థిరపడింది. అయితే క్యాన్సర్ కాని కణితులకు కూడా చాలాకాలం క్యాన్సర్ కొలతనే వాడారు.

మిగల్చడం వల్ల ఏం దక్కుతుంది

క్లోమానికి రెండు పనులు. ఒకటి ఆహారాన్ని, ముఖ్యంగా కొవ్వును, అరిగించే రసం తయారు చేయడం; రెండోది ఇన్సులిన్, గ్లూకగాన్ వంటి హార్మోన్లతో రక్తంలో చక్కెరను అదుపు చేయడం. మొదటి పనికి క్లోమంలో అపారమైన నిల్వ శక్తి ఉంది. 1973లో డిమాగ్నో బృందం చూపించినట్టు, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ ఉత్పత్తి మామూలు స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు పోవడం మొదలవదు. కాబట్టి ‘ప్రతి గ్రామూ విలువైనదే’ అని ఎవరైనా అంటే, అరుగుదల వరకు అది అతిశయోక్తే. దానికితోడు ఎంజైమ్ గుళికలు మందుల షాపులో దొరుకుతాయి.

చక్కెర సంగతి వేరు. రోగం లేని మనిషిలో సగం క్లోమం తీస్తే ఏమవుతుందో మనకు కొంత తెలుసు. మినెసోటా విశ్వవిద్యాలయంలో తమ బంధువులకు సగం క్లోమాన్ని దానం చేసిన ఆరోగ్యవంతులను పరిశీలించి 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి గ్లూకోజ్ తట్టుకునే శక్తి దెబ్బతింది. వాళ్లు ముందే పరీక్షలన్నీ చేసి, ఆరోగ్యంగా ఉన్నారని ఎంచుకున్న దాతలు. మామూలు రోగుల పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉంటుందని అనుకోలేం.

మన దగ్గర ఈ విషయం మరింత బరువైనది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, మరో 15.3 శాతం మందికి దాని ముందుదశ ఉన్నాయి. అంచున నిలబడ్డ మనిషికి సగం క్లోమం తీసేస్తే ఆ అంచు దాటడం సులువు. ఇది నేరుగా కొలిచి చెప్పిన మాట కాదు, పై రెండు అధ్యయనాలను కలిపి చూసి చేసిన ఊహ. అయినా సర్జన్ నిర్ణయంలో దీనికి చోటుండాలి. పైగా క్లోమం కోల్పోవడం వల్ల వచ్చే షుగర్ మామూలు షుగర్ లాంటిది కాదు. ఇన్సులిన్‌తో పాటు, చక్కెర పడిపోతున్నప్పుడు దాన్ని పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. అందువల్ల ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఎక్కువ.

ఒలిచి తీసే కణితి

అవయవాన్ని కాపాడే ఆపరేషన్లలో పాతదీ, అతి తక్కువ కోసేదీ కణితిని ఒక్కదాన్నే చుట్టూ విడదీసి ఒలిచి తీయడం. ఎన్యూక్లియేషన్ అంటారు. దీని చరిత్ర ఇన్సులినోమాతో ముడిపడి ఉంది. ఇన్సులిన్ కనుగొన్న నగరం టొరంటోలోనే 1929లో రోస్కో గ్రహాం ఒక రోగి క్లోమం నుంచి ఇన్సులినోమాను విజయవంతంగా తీశాడు. ఆ రోగి స్పృహ తప్పడాలు ఆగిపోయాయి. అప్పటికి రెండేళ్ల ముందు మేయో క్లినిక్‌లో ఇలాంటి రోగి కడుపు తెరిస్తే, కణితి అప్పటికే కాలేయానికి పాకి ఉంది. కణితి స్వభావం ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో ఆ రెండు కేసులూ చూపించాయి.

ఇన్సులినోమా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి వస్తుంది. దాదాపు 90 శాతం నిరపాయకరమైనవి, ఎక్కువ భాగం రెండు సెంటీమీటర్ల లోపువి. తలలోనైనా తోకలోనైనా సమానంగా పుడతాయి. ఉపవాసంతో కళ్లు తిరగడం, చెమటలు, మాట తడబడటం, కొన్నిసార్లు ఫిట్స్ వస్తాయి. తీపి నోట్లో వేసుకోగానే తేరుకుంటారు. మూర్ఛ అనో, మానసిక సమస్య అనో ఏళ్ల తరబడి మందులు వాడాక అసలు సంగతి తేలినవాళ్లున్నారు. ఇంత చిన్న, నిరపాయకరమైన కణితి కోసం క్లోమం తలనంతా తీయడం ఎవరికీ సమంజసం అనిపించదు. ఈ ఒక్క కణితి విషయంలో అవయవాన్ని కాపాడే వాదనకు నా మటుకు అనుమానం లేదు.

అయితే దీనికీ హద్దు ఉంది. కణితికీ ప్రధాన క్లోమనాళానికీ మధ్య కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలని సర్జన్లు చూస్తారు. అది లేకపోతే ఒలిచేటప్పుడు నాళం చీలి, రసం కడుపులోకి కారుతుంది. ఆపరేషన్ బల్ల మీదే అల్ట్రాసౌండ్ పెట్టి ఆ దూరాన్ని కొలుస్తారు. హ్యూట్నర్ బృందం 2015లో చేసిన క్రమబద్ధ సమీక్ష చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: ఒలిచి తీసినవాళ్లలో ఆపరేషన్ సమయం తగ్గింది, తర్వాత షుగర్ వచ్చినవాళ్లూ తక్కువ, రసం కారడం మాత్రం ఎక్కువ.

ఈ రసం కారడాన్నే ఫిస్టులా అంటారు. క్లోమం ఆపరేషన్లలో సర్జన్లకు నిద్ర పట్టనివ్వని ఉపద్రవం ఇదే. ఆ రసం కొవ్వునూ మాంసకృత్తులనూ అరిగించగలది, బయటికి వస్తే రక్తనాళాల గోడలను కూడా తినేయగలదు. ఆపరేషన్ అయిన మూడో రోజున గానీ, ఆ తర్వాత గానీ డ్రెయిన్‌లో వచ్చే ద్రవంలో ఎమైలేజ్ అనే ఎంజైమ్ రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటడాన్ని గుర్తుగా తీసుకుంటారు. 2016లో అంతర్జాతీయ బృందం ఈ నిర్వచనాన్ని సవరించి, రోగి చికిత్సను ఏమాత్రం మార్చని కారడాన్ని ఫిస్టులా లెక్కలోంచి తీసేసింది. అందువల్ల 2016కు ముందు పేపర్లలో ఉన్న ఫిస్టులా శాతాలనూ తర్వాతివాటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చాలా సమీక్షల్లో ఈ జాగ్రత్త సరిగా కనపడదు.

ప్లీహం, మధ్యభాగం, ఆంత్రమూలం

తోక వైపు కణితులకు ప్లీహాన్ని కాపాడే పద్ధతులు రెండు. 1988లో బోస్టన్ సర్జన్ ఆండ్రూ వార్షా ప్లీహపు పెద్ద నాళాలను కత్తిరించి, జీర్ణాశయం వైపు నుంచి వచ్చే చిన్న నాళాల మీదే ప్లీహాన్ని బతికించవచ్చని చూపించాడు. 1996లో జపాన్ సర్జన్ కిమురా బృందం ఆ పెద్ద నాళాలను క్లోమం నుంచి ఓపికగా విడదీసి కాపాడే పద్ధతిని వివరించింది. మొదటిది త్వరగా అవుతుంది. ప్లీహంలో కొంత భాగం చచ్చిపోవడం, జీర్ణాశయం చుట్టూ సిరలు ఉబ్బడం దాని లోపాలు. రెండోది నాజూకు పని, రక్తస్రావం భయం ఉంటుంది. నాళాలకు అంటుకోని కణితి అయితే రెండోదాన్నే ముందు ప్రయత్నించడం సబబు.

ప్లీహం పోతే ఏమవుతుందన్న దానికి 1952 నుంచీ ఆధారం ఉంది. కింగ్, షుమేకర్ అనే అమెరికా వైద్యులు ప్లీహం తీసిన పసిపిల్లల్లో విపరీతమైన ఇన్ఫెక్షన్లను గుర్తించారు. న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ వంటి పైపొర ఉన్న బాక్టీరియా ప్లీహం లేనివారిలో గంటల్లో ప్రాణం తీయగలవు. పెద్దవాళ్లలో ఇది అరుదే, కానీ ముప్పు జీవితాంతం వెంట ఉంటుంది. అందుకే ప్లీహం తీయాల్సి రావచ్చని తెలిస్తే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే టీకాలు వేయాలి. మన్యం జిల్లాల వాళ్ల విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి: ప్లీహం లేనివారికి మలేరియా వస్తే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి వచ్చిన పాతికేళ్ల అమ్మాయికి ప్లీహాన్ని కాపాడటానికి సర్జన్ మరో గంట శ్రమపడితే, ఆ గంట వృథా కాదు.

మెడలోనో మొండెంలోనో ఉన్న కణితికి మధ్యభాగాన్ని మాత్రం తీసి, తలను అలాగే ఉంచి, మిగిలిన తోకను పేగుకో జీర్ణాశయానికో కుట్టే ఆపరేషన్ ఉంది. కణితుల కోసం దీన్ని 1980లలో ఇటలీలో దాగ్రాది, సెరియో మొదలుపెట్టారు. దీని లెక్కల్లో లాభనష్టాలు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఇటలీకే చెందిన ఇయాకోనో బృందం 2013లో ప్రచురించిన సమీక్షలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు సుమారు 5 శాతం. ఫిస్టులా వచ్చినవాళ్లు మాత్రం దాదాపు 41 శాతం. మరణాలు ఒక శాతానికి లోపే. కోసిన అంచులు ఒకటికి బదులు రెండు కావడమే అంత ఫిస్టులాకు కారణం. వచ్చే ముప్పై నలభై ఏళ్ల చక్కెర కోసం మొదటి నెల కష్టాన్ని రోగి ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల వ్యక్తికి ఈ బేరం గిట్టుబాటు కావచ్చు. డెబ్బై ఐదేళ్లు నిండి, గుండె బలహీనంగా ఉన్నవారికి కాదు.

తలలోని రోగానికి ఆంత్రమూలాన్ని వదిలి క్లోమపు తలను తీసే మార్గం 1972లో జర్మన్ సర్జన్ హాన్స్ బెగర్‌ది. ఆయన దాన్ని దీర్ఘకాలిక క్లోమశోథకు చేశాడు. 1990లలో జపాన్‌లో తకాడ బృందం పిత్తనాళాన్నీ కాపాడుతూ తలను పూర్తిగా తీయడం దాకా తీసుకెళ్లింది. ఆంత్రమూలం కేవలం గొట్టం కాదు, క్లోమాన్నీ ఇన్సులిన్‌నూ ప్రేరేపించే సెక్రెటిన్, జీఐపీ వంటి హార్మోన్లు పుట్టే చోటు. దాన్ని మిగిల్చితే మేలని శరీరధర్మ శాస్త్రం చెబుతుంది.

మరి పరీక్షకు పెడితే? ఒక్కో ఆసుపత్రిలో కొద్దిమంది రోగులతో జరిగిన తొలి అధ్యయనాల్లో ఆంత్రమూలాన్ని కాపాడిన పద్ధతే మెరుగ్గా కనిపించింది. ఆ తర్వాత ఐరోపాలోని 18 ఆసుపత్రుల్లో రోగులను చీటీ వేసినట్టుగా రెండు వర్గాలు చేసి క్రోపాక్ అధ్యయనం జరిపారు. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. రెండేళ్లలో జీవన నాణ్యతలో విపుల్ తరహా ఆపరేషన్‌కూ దీనికీ తేడా కనపడలేదు. వీళ్లు క్లోమశోథ రోగులు, కణితి రోగులు కారు. వీళ్ల క్లోమం అప్పటికే గట్టిపడి ఉంటుంది. ఆ ఫలితాన్ని నేరుగా కణితులకు అన్వయించడం తప్పు. అయితే శాస్త్రీయ తర్కం ఎంత బాగున్నా, తొలి ఫలితాలు ఎంత ఊరించినా, పెద్ద అధ్యయనంలో ఆ లాభం కరిగిపోవచ్చు. కణితుల విషయంలో మన చేతిలో ఉన్నవి చాలావరకు ఆ తొలి తరహా ఆధారాలే.

ఆధారాల బలహీనత ఎక్కడుంది

వాటిలో ఎక్కువ పాత కేసు షీట్లు తిరగేసి రాసినవి. చిన్న కణితి, నాళానికి దూరంగా ఉన్నది, ఆరోగ్యంగా ఉన్న యువ రోగి - ఇలాంటివాళ్లే కాపాడే ఆపరేషన్‌కు ఎంపికవుతారు. పెద్ద కణితి, పెద్ద వయసు ఉన్నవాళ్లు పెద్ద ఆపరేషన్‌కు వెళ్తారు. తర్వాత రెండు వర్గాలనూ పోల్చి మొదటిదాంట్లో షుగర్ తక్కువని రాస్తే, ఆ తేడాలో ఆపరేషన్ వాటా ఎంత, రోగి వాటా ఎంత అన్నది తేలదు. షుగర్ బయటపడటానికి ఏళ్లు పడుతుంది, అయినా చాలా అధ్యయనాలు రోగులను కొద్దికాలమే గమనించాయి. పైగా ఫలితాలు ప్రచురించేవి ఏటా వందల క్లోమం ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు.

ఆ చివరి సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2002లో అమెరికాలో బిర్క్‌మెయర్ బృందం లక్షల ఆపరేషన్ల లెక్కలు తీసి చూస్తే, క్లోమం ఆపరేషన్ చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, చాలా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. మామూలు విపుల్‌కే అంత తేడా ఉంటే, అంతకన్నా నాజూకైన, అంతకన్నా అరుదైన ఆపరేషన్లకు తేడా ఇంకా ఎక్కువే ఉండవచ్చు. చిన్న రంధ్రాలతో చేస్తామన్న మాటకూ ఇదే వర్తిస్తుంది. పొట్ట మీద గాటు చిన్నదైతే లోపల అవయవం మిగిలినట్టు కాదు. ఇవి రెండు వేర్వేరు సంగతులు, రోగుల బంధువులు వీటిని తరచూ కలిపేసుకుంటారు. నెదర్లాండ్స్‌లో లాప్రోస్కోపీతో విపుల్ చేసి చూసిన లెపర్డ్-2 పరీక్షను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది: 90 రోజుల్లో లాప్రోస్కోపీ వర్గంలో 50 మందికి ఐదుగురు, కడుపు తెరిచి చేసిన వర్గంలో 49 మందికి ఒకరు చనిపోయారు.

కోయకపోవడమూ కాపాడటమే

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సీరస్ తిత్తుల మీద 2016లో గట్ పత్రికలో వచ్చిన బహుళదేశ అధ్యయనం. 2,622 మంది రోగులు. వాళ్లలో 61 శాతం మందికి ఆపరేషన్ చేశారు. ఆ తిత్తి వల్లే చనిపోయింది ఒక్కరు. ఆపరేషన్ వల్ల చనిపోయింది పదిమంది. ఈ అంకెల ముందు ఏ పద్ధతిలో తీయాలన్న చర్చ వెనకబడుతుంది. ఖాయంగా సీరస్ తిత్తి అని తేలి, బాధ లేకపోతే, దాన్ని వదిలేయాలి.

రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, హార్మోన్లు కక్కని న్యూరోఎండోక్రైన్ కణితులను క్రమం తప్పకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండవచ్చని ఐరోపా మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. నాళపు కొమ్మల్లో వచ్చే జిగురు తిత్తులకు 2006 సెండాయ్, 2012 ఫుకుఓకా, ఇటీవలి క్యోటో మార్గదర్శకాలు దేన్ని తీయాలి, దేన్ని చూస్తూ ఉండాలి అన్నది వరుసగా సవరించుకుంటూ వచ్చాయి. ‘చిన్న ఆపరేషనే, క్లోమం మిగులుతుంది’ అన్న భరోసా ఇలాంటి కణితుల మీదికి కత్తిని తీసుకురాకూడదు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. నాళపు అడినోకార్సినోమాకు కణితిని ఒలిచి తీస్తే సరిపోదు. లసిక గ్రంథులతో సహా వెడల్పుగా తీయాల్సిందే. అక్కడ అవయవం మీద మమకారం ప్రాణం మీదికి తెస్తుంది. సాలిడ్ సూడోపాపిల్లరీ కణితి అయితే పూర్తిగా తీస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. ఆ రోగుల్లో ఎక్కువమంది యువతులే కాబట్టి, ప్లీహాన్నీ క్లోమాన్నీ వీలైనంత కాపాడాలన్న వాదన వీళ్లకే బాగా వర్తిస్తుంది. అయితే కోసిన అంచులో కణితి మిగలకూడదు.

అంటే అంతా రోగనిర్ధారణ మీద ఆధారపడి ఉంది. దక్షిణ భారతంలో అది మరీ కష్టం. రాళ్లతో కూడిన ఉష్ణమండల క్లోమశోథ మన ప్రాంతపు రోగం. దాని జన్యు కారణాల మీద హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ కలిసి చేసిన పని అంతర్జాతీయ పత్రికల్లో వచ్చింది. ఆ వాపు గట్టిపడితే స్కాన్‌లో కణితిలా కనిపిస్తుంది. పైగా ఏళ్ల తరబడి సాగిన క్లోమశోథ నుంచి నిజమైన క్యాన్సర్ కూడా పుట్టవచ్చు. క్లోమం పక్క గ్రంథుల్లో క్షయ, స్టెరాయిడ్లతో తగ్గే ఆటోఇమ్యూన్ క్లోమశోథ కూడా కణితి వేషం వేస్తాయి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో దగ్గరగా చూసి, అవసరమైతే సూదితో ముక్క తీసి, రేడియాలజిస్టు, గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, సర్జన్, పెథాలజిస్టు కలిసి మాట్లాడుకున్నాకే ఎంత కోయాలన్నది తేలాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు చేస్తున్న ఆసుపత్రులకు ఒక విన్నపం. ఒలిచి తీసినా, మధ్యభాగం తీసినా, ప్లీహాన్ని కాపాడినా - ప్రతి కేసులో కణితి రకం, 2016 నిర్వచనం ప్రకారం ఫిస్టులా, ఆపరేషన్‌కు ముందూ ఐదేళ్ల తర్వాతా హెచ్‌బీఏ1సీ, మలంలో ఎలాస్టేజ్ - ఇవన్నీ ఒకే పద్ధతిలో నమోదు చేసి, బాగోలేని ఫలితాలతో సహా ప్రచురించండి. రోగులకు, వాళ్ల వెంట వచ్చేవారికి చెప్పేది కూడా అంతే సూటిగా చెప్పవచ్చు. ఇది ఏ రకం కణితి, ఆ మాట ఏ పరీక్షతో తేలింది, తీయకుండా గమనిస్తే ఏమవుతుంది, మీరు ఏడాదికి ఎన్ని క్లోమం ఆపరేషన్లు చేస్తారు అని అడగండి. ప్లీహం పోయే అవకాశం ఉంటే టీకాలు ఎప్పుడు వేస్తారో కూడా అడగండి. ఇన్సులినోమా వంటివి మినహాయిస్తే, ఇలాంటి కణితుల్లో చాలావాటికి వారం పది రోజులు ఆగి మరో కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోవడం వల్ల నష్టం ఉండదు.